కియాహూరి మలుపులో ఏడుపు

కియాహూరి ఎత్తు రోడ్డంటే నకూరు వైపు డ్రైవర్లకి హడల్. చీకటిపడి మంచు దిగిందా... ఆ మలుపులో కార్లని ఎవరో వెనకనుంచి పట్టి లాగుతారంటారు. వెనక సీట్లోంచి ఆడమనిషి ఏడుపు కూడా వినిపిస్తుందంటారు.

మా షెడ్డులో నాతోపాటు మెకానిక్‌గా చేసిన న్యొకాబి చాలా ఏళ్ల తర్వాత నాకీ సంగతి చెప్పింది. విన్నది విన్నట్టు చెబుతున్నా.

ఓ సాయంత్రం టాక్సీ తోలే గథోగో తన టర్బో కారుతో వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా, నిన్న ఆ మలుపులో మళ్లీ పట్టుకుంది. పాస్టరుగారితో ప్రార్థన చేయించా, సీటు కింద ఉప్పు చల్లా... వదల్లేదు."

"అన్ని లారీలు పోతుంటే నీ టర్బోనే పట్టుకుందా? దాని టేస్టే వేరు!" నవ్వింది న్యొకాబి.

అతను నవ్వలేదు.

పెట్రోలు గొట్టానికి ఒత్తిడి చూపే మీటరు తగిలించి, దాన్ని బయటికి లాగి ముందు అద్దానికి టేపుతో అంటించిందామె. "పద. కారు ఎక్కడ మొరాయిస్తుందో అక్కడే చూడాలి."

చదును మీద ముల్లు నిలకడగా ఉంది. ఎత్తు మొదలైంది... మంచు... మలుపు.

"తొక్కు," అంది.

టర్బో ఈల వేసింది. అది ఇంజన్లోకి గాలి తోసేకొద్దీ పెట్రోలు ఒత్తిడీ పెరగాలి. ముల్లు పెరగలేదు — పడిపోయింది! ఇంజను దగ్గింది. కారు నడుం పట్టి ఎవరో గుంజినట్టు కుదుపులు...

అప్పుడు వినిపించింది. వెనక సీట్లోంచి. సన్నగా, సాగదీస్తూ — ఊఁ... ఊఁ...

న్యొకాబి గభాల్న వెనక్కి తిరిగి చూసిందట, సీటు ఖాళీ.

"విన్నావా?" గథోగో గుసగుసగా అన్నాడు. "మా చెల్లెలు వైరిము. పోయినేడు పురిటి నొప్పులొస్తే ఈ సీట్లోనే ఆసుపత్రికి తీసుకెళ్తున్నా. ఇక్కడే కారు కదల్లేదు. పది నిమిషాల దారికి గంట పట్టింది. అప్పటికే... ఇక్కడున్నదేదో దాన్ని మింగేసింది, అక్కా."

 న్యొకాబి మెల్లగా కారు వెనక్కి తిప్పించి, షెడ్డుకొచ్చాక వెనక సీటు ఎత్తింది. దాని కిందే పెట్రోలు ట్యాంకు. లోపలి పంపు బయటికి తీసింది. పంపు మూతికుండే జల్లెడ తారులా నల్లగా ఉంది.

"ఇదిగో, ఏడ్చేది ఇది! జల్లెడ పూడుకుపోయి, పీల్చడానికి పెట్రోలందక పంపు మూలుగుతోంది. చదును మీద ఆ కాస్తా సరిపోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు టర్బో నిండుగా అడుగుతుంది, ఇది ఇవ్వలేదు. నువ్వు తిరిగే దారిలో అంత ఎత్తు అదొక్కటే. అందుకే అక్కడే ఆగుతోంది."

గథోగో ఆ జల్లెడని బొటనవేలితో రుద్దాడు. మురికి పొరలు పొరలుగా ఊడింది.

"ఇదంతా ఈ నెలా రెండు నెలల్లో పట్టిందేనా, అక్కా?"

"అబ్బే, ఏళ్లు పట్టుంటుంది," అనేసింది. అన్నాక గానీ తనేమందో ఆమెకి తెలియలేదు.

అతను నేల మీద కూలబడ్డాడు.

"ఈ జల్లెడ మార్చమన్నారు నన్ను... చెల్లికి నెలలు నిండకముందే. తర్వాత చూద్దాంలే అన్నా."

 చివరికి అతను లేచి, చేతులు తుడుచుకోకుండానే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఏం తేలిందని మా అమ్మ నిన్ను అడుగుతుంది, అక్కా... దెయ్యమనే చెప్పు."