తిట్టే మంచం

ఆ కాలానికి విశాఖలో నిద్రమాత్ర అమ్మితే జైలు. మాత్రల బదులు ఇంటింటికీ శయనశిక్షకం వచ్చింది. చూడడానికి మామూలు మంచమే. పడుకున్నవాడికి నిద్ర పట్టలేదని మెదడు తరంగాలను బట్టి కనిపెడితే, తలవైపు మెల్లగా లేచి మనిషిని నేలమీద నిలబెడుతుంది. పోయి కుర్చీలో కూర్చోవాలి. కళ్ళు మూతలు పడితేనే మళ్ళీ రావాలి. మంచమంటే నిద్రేనని మెదడుకు అలవాటు చెయ్యడమే ఇందులో కిటుకు. దీనికి ప్రేరణ నియంత్రణ అని పేరు పెట్టారు, స్టిమ్యులస్ కంట్రోల్.

పైడయ్యను అది రోజూ నిలబెడుతూనే ఉంది. అతను రాత్రంతా సముద్రం అడుగున సొరంగంలో రైలు నడిపి, పగలు పడుకుంటాడు. భార్య నూకాలు పోయినప్పటినుంచి ఆ పగటినిద్ర పోయింది. శనివారంలోగా అతను నిద్రపోయాడని మంచం ధ్రువీకరించకపోతే లైసెన్సు రద్దు. రైలు కూడా పోతే ఇక ఆ ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవాల్సిందే.

మంచం తయారుచేసినవాళ్ళలో ఒకరైన డాక్టర్ మృణాళిని స్వయంగా వచ్చింది. నూకాలు ఉన్నప్పుడు ఎలా నిద్రపోయేవారని అడిగింది.

"పోనిస్తేగా? పక్క ఎక్కగానే మొదలు. మా చెల్లెలు ఏమందో, పాలవాడు ఎన్ని నీళ్ళు కలిపాడో. గోడవైపు తిరిగిపోయేవాణ్ణి. సగంలోనే నిద్ర పట్టేసేది."

డాక్టరుకు గుట్టు దొరికింది. సణుగుడు వింటే నిద్రపోవాలని అతని మెదడు నేర్చుకుంది. పాత రికార్డింగుల నుంచి నూకాలు గొంతు తీసి మంచానికి పెడతానంది.

"ఆ గొంతు జోలికి రాకండి," అన్నాడు పైడయ్య.

సరేనని మంచం చేత దాని సొంత గొంతుతోనే సణిగించింది.

"విప్పిన చొక్కా కుర్చీమీదే పడేశావు. మీ బాబొచ్చి తీస్తాడా?"

"నీకెందుకే చెక్కముక్కా? నువ్వేమైనా ఉతుకుతున్నావా?"

మాటకు మాట అప్పజెప్పాడు. నిద్ర ఎగిరిపోయింది. మంచం లేపి నిలబెట్టింది. మర్నాడూ అదే తంతు.

"ఆవిడకూ ఇలాగే జవాబు చెప్పేవారా?" అంది డాక్టరు.

"ఒక్కనాడూ లేదు."

"మరి మంచంతో ఎందుకండీ?"

డాక్టరు చిన్న మార్పు చేసింది. అతను నోరు విప్పితే మంచం వాదించదు, లేపదు, దీపం ఆర్పేసుకుని విశ్రాంతిలోకి జారుకుంటుంది. పోట్లాడేందుకు ఎవరూ లేకపోతే మనిషి తనే సద్దుమణుగుతాడని ఆవిడ లెక్క.

శుక్రవారం మధ్యాహ్నం మంచం మళ్ళీ అందుకుంది. "చుట్టాలంటే పడిచస్తావు. ఇంట్లోదాని మాట చెవికెక్కదు."

ఈసారి పైడయ్య విరుచుకుపడలేదు.

"మా చెల్లెలిదే తప్పు," అన్నాడు. "అప్పుడే తెలుసు నాకు. చెప్పలేదంతే." తర్వాత ఆగలేకపోయాడు. పాలవాడి సంగతి చెప్పాడు. సొరంగం అద్దంలోంచి కనబడే చేపల సంగతి, ఒకసారి నూకాలును తీసుకెళ్ళి చూపిద్దామనుకున్న సంగతి కూడా చెప్పాడు. మంచం దీపం ఎప్పుడు ఆరిందో చూసుకోలేదు.

"వింటున్నావా?"

అలికిడి లేదు. తట్టి చూశాడు. మంచం విశ్రాంతిలో ఉంది. రేపే శనివారం. అతని కళ్ళు ఇంకా తెరుచుకునే ఉన్నాయి.

ఆ ప్రశ్న ఆ గదికి కొత్త కాదు. ఏళ్ళ తరబడి రోజూ వినబడిందే. అప్పుడు అడిగింది మాత్రం పైడయ్య కాదు.