మూటకు మూడో కొస

“మాష్టారు చక్కెర లేకుండానే తాగుతారు,” అని గోడతో చెప్పినట్టు చెప్పి, టీ కొట్టు ఈశ్వరమ్మ గ్లాసు ముందుకు జరిపింది.

పరాంకుశం తలూపి అందుకున్నాడు. మూడేళ్లుగా ప్రతి ఆదివారం ఉదయం ఇక్కడ టీ తాగి, కొండ మీది స్టూడియోకు వెళ్లడం ఆయన అలవాటు. ఈ మూడేళ్లలో ఈశ్వరమ్మ ఆయన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆమెకు ఆయన మీద అంత గౌరవం.

ఎదుటి మనిషిని ప్రశ్న అడగడం అమర్యాద అయి చాలాకాలమైంది. పదేళ్లు దాటిన ప్రతివారికీ గొంతుగుంట కింద, చర్మం లోపల, గోధుమగింజంత పూస ఉంటుంది. దాని పేరు ఎరుకదీపం. ఎవరైనా ఏదైనా అడిగినప్పుడు జవాబు మనసులో మెదిలితే చాలు, పూస పసుప్పచ్చగా వెలుగుతుంది. నోరు విప్పనక్కర్లేదు. తొమ్మిదేళ్ల కిందట అది వచ్చిన కొత్తలో పరీక్షలు పోయాయి, కోర్టులు ఖాళీ అయ్యాయి, జనం పండగ చేసుకున్నారు. ఆ తరువాత మెల్లగా మాటల్లోంచి ప్రశ్నలు జారిపోయాయి. “భోంచేశారా” పోయి “భోంచేసే ఉంటారు” వచ్చింది. తల్లులు పిల్లలకు ఇంటి సంగతులు చెప్పడం మానుకున్నారు. తెలియని బిడ్డకు దీపం వెలగదు.

పరాంకుశం భార్య రంగనాయకి ఇదంతా చూడకుండానే, దీపాలు రావడానికి రెండేళ్ల ముందే కన్నుమూసింది. ఆ ఒక్క సంగతి తలుచుకున్నప్పుడు ఆయనకు కాస్త ఊరటగా ఉంటుంది.

రాష్ట్రం మొత్తం మీద నవ్వుతూ ప్రశ్నలడిగే చోటు ఒక్కటే మిగిలింది. ఆదివారం పదకొండు గంటలకు టీవీలో వచ్చే ‘ప్రశ్నల పండుగ’. పదమూడు నుంచి పదిహేడేళ్లలోపు పిల్లలు ముగ్గురు పోటీపడతారు. ఎవరి దీపం ముందు వెలిగితే జవాబు వాళ్లది. ఇళ్లలో చూసేవాళ్ల దీపాలను కూడా టీవీ తెర లెక్కపెట్టి, “మీ ఇంట రెండు దీపాలు” అని అడుగున చూపిస్తుంది. అందులో జనానికి భలే సరదా. కాలేజీలో భూగోళం చెప్పి రిటైరైన పరాంకుశం అక్కడ ప్రశ్నలు చదివే పెద్దమనిషి.

స్టూడియో వరండాలో, దీపాలు పరీక్షించే రెజీనా ఆయన కోసం చూస్తోంది. పక్క బెంచీ మీద పద్నాలుగేళ్ల నీలవేణి, ఆమె తల్లి గున్నమ్మ. సముద్రం ఒడ్డున జీడితోటల మధ్య ఊరు వాళ్లది. గున్నమ్మ ఒళ్లో నీలిగళ్ల గుడ్డలో కట్టిన అన్నం మూట ఉంది.

“పిల్ల నిన్నట్నించి మెతుకు ముట్లేదండి మాష్టారూ. ఆట అయిపోయాకైనా తింటాదని కట్టీసినాను,” అంది గున్నమ్మ.

“నానొచ్చీది తిండానికి కాదే అమ్మా, గెలవడానికి,” అంది నీలవేణి.

“గెలిసినోల్లు తినరని ఎక్కడా రాసి లేదు. నోర్మూసుకోయే.”

పరాంకుశం నవ్వబోయి ఆగాడు. ఆయన చూపు మూట మీద నిలిచిపోయింది. రెండు కొసలు ముడివేసి, మూడో కొసను మెలితిప్పి ముడి కిందికి దోపి ఉంది.

అది ఆయన చూడటం గమనించింది గున్నమ్మ. “మా ఆయనికి అలవాటు చేసినానండి. జీడికొమ్మ మీద ఒక సెయ్యి ఎప్పుడూ ఉంటాది. రెండో సేత్తో ఆ కొస లాగితే మూటంతా ఇడిపోద్ది.”

రంగనాయకి కూడా అలాగే కట్టేది. భోజనం వేళ కూడా పేపర్లు దిద్దే ఆయన, కుడిచేతిలో ఎర్ర పెన్ను దించకుండా ఎడమచేత్తో విప్పుకోవాలని.

“అదిగో, వెలిగింది!” అంది రెజీనా. “ఎవరూ ఏమీ అడగలేదు. గాలి కూడా అడగలేదు.”

పరాంకుశం చొక్కా కాలరు పైకి లాక్కున్నాడు. ప్రశ్న లేకుండా వెలిగే దీపాన్ని, దీపాలన్నిటి మీద నిఘా ఉంచే ఎరుక మండలికి తెలియజేయాలని నియమం. మూడేళ్లుగా రెజీనా పుస్తకంలో ‘పూసలో తేమ’ అని రాస్తోంది. ఇవాళా అదే రాసి, ఆయన్ని పక్కకు తీసుకెళ్లింది.

“మండలి నుంచి ఈసారి మనిషే వచ్చాడు మాష్టారూ. తారకేశ్వర్ అట. ఎనిమిదో ప్రశ్న కవరు తనే తెచ్చాడు. అద్దాల గదిలో మ్యాప్ పెట్టించుకున్నాడు, ఇళ్లన్నీ చుక్కలుగా, దీపం వెలిగిన ఇల్లు కనిపించేలా.” గొంతు తగ్గించింది. “జీడితోటల్లో దీపం కోసి పారేసుకున్నవాళ్లు దాక్కుంటున్నారని విన్నాను. ఎవరో అన్నం పెడుతున్నారని కూడా. ఇంక చెప్పను. తెలిస్తే మీకే బరువు.”

ఏడు ప్రశ్నలు పరాంకుశం తయారుచేస్తాడు. ఎనిమిదోది మండలి పంపుతుంది. అవి ఎప్పుడూ విచిత్రంగానే ఉండేవి. ఒకసారి ఒక దగ్గు వినిపించి ఎవరిదని అడగమన్నారు. ఒకసారి నీలం తలుపు చూపించి ఏ ఇంటిదని. స్టూడియోలో ఎవరి దీపమూ వెలిగేది కాదు, ఆయన “పోనీలెండి” అని నవ్వి ముగించేవాడు. కార్డు వెనక జవాబు ఉండకపోవడం గుమాస్తాల బద్ధకం అనుకున్నాడు. నీలం తలుపు ప్రశ్న అడిగిన వారానికే సముద్రం పక్క వీధిలో ఒక నీలం తలుపుకు మండలి ముద్ర పడింది. ఆ రెంటినీ కలిపి ఆలోచించకుండా ఉండటం ఆయన నేర్చుకున్నాడు.

పదకొండు గంటలకు స్టూడియో లైట్లూ కెమెరాలూ వెలిగాయి. నీలవేణికి అటు గుంటూరు తబస్సుమ్, ఇటు ఆదోని బసవరాజు.

“మూడు గుండెలున్న జీవి ఏది?”

“ఆక్టోపస్!” అన్నాడు బసవరాజు. “మా బావకు కూడా మూడే ఉండాల సార్, ఒకేసారి ముగ్గుర్ని ప్రేమిస్తాండాడు.”

ప్రేక్షకులు పగలబడి నవ్వారు. ప్రశ్నకు భయపడకుండా నవ్వడం కోసమే వాళ్లు వారమంతా ఎదురుచూస్తారు. ఏడు ప్రశ్నలయ్యేసరికి నీలవేణి అందరికన్నా ముందుంది.

పరాంకుశం కవరు చింపాడు. వెనక తెర మీద బొమ్మ పడింది. రాలిన జీడాకుల మధ్య నీలిగళ్ల గుడ్డ మూట. రెండు కొసల ముడి. మూడో కొస మెలితిప్పి కిందికి దోపి ఉంది.

కార్డు మీది అక్షరాలు ఆయన నోరు దానంతటదే చదివేసింది. “ఈ మూట కట్టిన చేయి ఎవరిది?”

నీలవేణి గొంతు కింద దీపం భగ్గున వెలిగింది.

ముందు వరసలో గున్నమ్మ కొంగు గొంతు మీదికి లాక్కుంది. రెండో చేయి ఒళ్లోని మూట ముడిని గబగబా విప్పేస్తోంది.

“నీలవేణి, ఇరవై లెక్క,” అంది స్టూడియో యంత్రం. “ఒకటి. రెండు.”

వెలిగిన దీపంతో నోరు మూసుకుంటే దాని పేరు దాపరికం. ఆ మనిషితో పాటు ఇంటిల్లిపాదినీ తీసుకుపోతారు. చెప్తే తల్లిని తీసుకుపోతారు. తల్లి వైపు చూడకూడదని ఆ పిల్లకు తెలుసు. అందుకే రెప్ప వేయకుండా పరాంకుశం వైపే చూస్తోంది.

“ఆరు. ఏడు.”

అద్దాల గదిలో తారకేశ్వర్ లేచి నిలబడ్డాడు. అతని చూపు నీలవేణి మీద లేదు. పరాంకుశం కాలరు మీద ఉంది. అక్కడా దీపం వెలుగుతోంది.

పరాంకుశం కార్డు తిరగేశాడు. వెనక ఖాళీ. ఈ ప్రశ్నకు తప్పొప్పులు చెప్పవలసినవాడు ఈ గదిలో తానొక్కడే.

“ఆగమ్మా,” అన్నాడాయన నెమ్మదిగా. “నాకూ తెలుసు. పెద్దవాణ్ణి, ముందు నన్ను చెప్పనివ్వు. ఈ చేయి మా ఆవిడ రంగనాయకిది. పోయి పదకొండేళ్లయింది. ఆ కొస చూశారూ, దాన్ని మెలితిప్పేటప్పుడు నాలుక పంటి కింద పెట్టుకునేది. గుడ్డకు ఎప్పుడూ మెంతుల వాసన. ఎడమచేత్తో ఇలా లాగితే చాలు, విడిపోయేది. ఎవరు కట్టిన మూట వాళ్లదేనండీ. మీకు కట్టిపెట్టిన చేయి మీకూ గుర్తుండే ఉంటుంది.”

ముందు తబస్సుమ్ దీపం వెలిగింది. తరువాత బసవరాజుది. “మా అవ్వ,” అన్నాడు వాడు, ఎవరూ అడగకుండానే. ప్రేక్షకుల్లో ఒకటి, నాలుగు, తరువాత వరసలకు వరసలు.

“పద్దెనిమిది,” అంది యంత్రం.

“మాష్టారి ఇంటావిడిది,” అంది నీలవేణి.

“సరైన జవాబు,” అన్నాడు పరాంకుశం.

అద్దాల గదిలో మ్యాప్ మీద తీరం పొడవునా ఒక్క చుక్క వెలగాల్సింది. తీరం దాటి, కొండలు దాటి, మ్యాప్ అంతా పసుప్పచ్చగా నిండిపోయింది. ఎక్కడెక్కడి హాస్టళ్లలో పిల్లలు, ఒంటరి గదుల్లో ముసలివాళ్లు. తెలియడానికీ, తలుచుకోవడానికీ మధ్య తేడా కనిపెట్టే ఏర్పాటు ఆ పూసలో లేదు. తారకేశ్వర్ ఒక్క క్షణం తన గొంతు మీద అరచేయి అడ్డం పెట్టుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి పసుపు వెలుగు కనపడింది. పరాంకుశం చూపు తిప్పుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే ఆయన్ని మండలి భవనానికి తీసుకెళ్లారు. తెల్లగోడల గది, బల్ల మీద ఆ బొమ్మ. ఎవరూ కొట్టలేదు, కసరలేదు. వేళకు భోజనం పెట్టారు. గంటకొకసారి తారకేశ్వర్ వచ్చి అదే ప్రశ్న అడిగేవాడు.

“ఈ మూట కట్టిన చేయి ఎవరిది?”

“రంగనాయకిది.”

దీపం వెలిగేది. అది ఎవరికోసం వెలిగిందో పూస చెప్పలేదు. ఆయన చెప్పడు.

“ఇంకా వివరంగా చెప్పండి.”

ఆయన చెప్పేవాడు. నాలుక, మెంతులు, ఎర్ర పెన్ను. మర్నాడు మళ్లీ. మూడో రోజుకు ఆ మాటలు పాఠంలా వచ్చేస్తున్నాయి. నాలుగో రోజున, కొస కుడికి మెలితిప్పేదో ఎడమకో తేల్చుకోలేకపోయాడు. ఆరో రోజున మెంతుల వాసన అన్న మాట ఉంది, వాసన లేదు. ఏడో రోజు తారకేశ్వర్ వచ్చి బొమ్మ ముందు పెట్టి అడిగాడు. పరాంకుశం చూశాడు. బల్ల, బొమ్మ, ఏడు రోజుల గది. అంతకుమించి ఏమీ మెదల్లేదు.

దీపం వెలగలేదు. తారకేశ్వర్ బొమ్మను బల్ల మీంచి తీసేసి, “వెళ్లండి,” అన్నాడు.

బయట రెజీనా స్కూటర్‌తో నిలబడి ఉంది. “తొమ్మిది లక్షల ఇళ్లట. అన్ని ఇళ్లు సోదా చేసేందుకు మండలిలో మనుషులు లేరు,” అంది. స్కూటర్ స్టార్టు చేస్తూ, “ఆ తల్లీ పిల్లా వాళ్ల ఊళ్లోనే ఉన్నారు. టీవీ వాళ్లు ‘ప్రశ్నల పండుగ’కు మీ బదులు కొత్త పెద్దమనిషిని వెతుకుతున్నారు,” అంది. ఆయన కాలరు వైపు ఒకసారి చూసింది. తేమ సంగతి ఎత్తలేదు.

దారిలో బడి ముందు స్కూటర్ ఆగింది. మధ్యాహ్నం గంట కొట్టారు. పిల్లలు గోడ నీడన కూర్చుని అన్నం మూటలు విప్పుతున్నారు. పరాంకుశం ఒక మూట చూశాడు, పక్కది చూశాడు, ఆ వరసంతా చూశాడు. అన్నీ తెల్లగుడ్డలు. అన్నిటికీ ఒకే రకం, ఎదురెదురు కొసలు కలిపి వేసిన రెండు ముడులు. మండలి ఏ ఆజ్ఞా ఇవ్వలేదు. తల్లులు ఒకరికొకరు చెప్పుకోనూ లేదు. తమ చేతిని బిడ్డ ఆనవాలు పట్టకూడదని ఎవరికి వాళ్లే, ఏళ్ల తరబడి వేళ్లకు పడిన వాటాన్ని ఈ వారం రోజుల్లోనే మాన్పించుకున్నారు. ఒక చిన్నపిల్ల మూటలు కలిసిపోయి, తనది ఏదో తెలియక అటూ ఇటూ చూస్తోంది. దానికి సాయం చేసేందుకు నీదేదని అడిగేవాళ్లు ఎవరూ లేరు.

ఇంటి గుమ్మం ముందు ఒక మూట పెట్టి ఉంది. తెల్లగుడ్డ, రెండు ముడులు. ఇంకా వెచ్చగా ఉంది. లోపల జీడిపప్పు కూర ఉందని వాసన చెబుతోంది. ఎవరు పెట్టి వెళ్లారో ఆయన అనుకోలేదు, అనుకోకూడదు. ముడి మీద ఏ చేతి జాడా లేదు. దీపం చల్లగా ఉంది.

లోపలికి తెచ్చి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. కుడిచేయి గాలిలో, ఏదో పట్టుకున్నట్టు, బల్లకు జానెడు ఎత్తున ఆగిపోయింది. ఎడమచేయి దానంతటదే మూట దగ్గరికి వెళ్లి, ముడి కింద లేని మూడో కొసను వెతికి, లాగింది.