అక్క తన్విక, బాపట్ల

జోషిత స్నానం చేసి వచ్చేసరికి వంటగదిలో చేరవేత బండి నిలబడి, పప్పు ఉడకడం కోసం ఎదురుచూస్తోంది. మర్యాద తెలిసిన బండి. పొయ్యి మీదున్న తపేలాను తొందరపడి ముట్టుకోలేదు. కందిపప్పు మెత్తబడి, పొయ్యి తనంతట తాను ఆరిపోయాక, పొడవాటి చేతులు చాచి పప్పంతా ఒక డబ్బాలోకి ఒంపింది. తపేలాను కడిగింది, తుడిచింది, తన పొట్టలో పెట్టుకుంది. అరలవైపు చూస్తే అప్పటికే సగం బోసిపోయి ఉన్నాయి.

తలకు చుట్టుకున్న తువ్వాలు జారిపోతున్నా లెక్కచేయకుండా జోషిత గుమ్మానికి అడ్డం నిలబడి, తపేలాను ఎక్కడికి తీసుకుపోతున్నావని నిలదీసింది. బండికి నోరు లేదు. జవాబు గోడమీది చదువుకన్ను చెప్పింది, ఎప్పటిలాగే తేనె పూసిన గొంతుతో. ఆ వస్తువుల మీద వేరేవారి పేర్లున్నాయట. ఎవరివి వారికి చేర్చడం తమ బాధ్యతట. ఇన్నాళ్ళూ వాటిని భద్రంగా ఉంచినందుకు ధన్యవాదాలట.

“నా వంటింట్లో గిన్నెలు నేను భద్రంగా పెట్టుకోక ఇంకెవరు పెడతారు?” అంది జోషిత. బండి ఆమె పక్కనుంచి సందు చేసుకుని జాగ్రత్తగా వెళ్ళిపోయింది.

ఈ చదువుకన్ను సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో అది లేని గోడ చీరాలలో లేదు. దాని పని కాపలా కాయడం కాదు, చదవడం. కంటపడిన ప్రతి బొమ్మలోంచీ అక్షరాలను బావిలో నీళ్ళు తోడినట్టు తోడి, దిద్దుకోవడానికి వీలైన రాతగా మార్చి, ఊరందరికీ ఉమ్మడిగా ఉండే రాతకొట్టులో పడేస్తుంది. మందుసీసా మీది చీటీ కానీ, బస్సు బోర్డు కానీ, తాతలనాటి దస్తావేజు కానీ, దాని కంట పడితే రాతైపోవాల్సిందే. మొదట్లో జనం దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. రైల్లో మరిచిపోయిన గొడుగు మీద పేరుంటే చాలు, సాయంత్రానికల్లా ఆ గొడుగు ఇంటి ముందుండేది. ‘ఎవరివి వారికి’ అని ఆ పథకానికి ముద్దుగా పేరు కూడా పెట్టారు. ఎటొచ్చీ స్టీలు గిన్నెల మీది అక్షరాలే దానికి కొరుకుడుపడలేదు. అవి గీతలు కావు, చుక్కలు. గిన్నెల కొట్లో సూదిమిషను పెట్టి టకటకా పొడిచిన చుక్కలు. స్టీలు మెరుపులో కన్నుకు అవి ఆనేవి కావు. ఆ తెల్లవారుజామున మాత్రం దానికి కొత్త చూపొచ్చింది. చుక్కా చుక్కా కలుపుకుని చదవడం నేర్చేసుకుంది, అదీ ఒక్క తప్పు లేకుండా.

చదవడమైతే వచ్చింది, మన సంగతే తెలియలేదు. గిన్నె మీద ఎవరి పేరు వేయిస్తాం మనం? ఇచ్చేవాళ్ళ పేరు. పెళ్ళికిచ్చినా, గృహప్రవేశానికిచ్చినా, ఫలానావారు ఇచ్చారని చెక్కించి మరీ ఇస్తాం. లోకంలో వస్తువు మీద సొంతదారు పేరుంటుంది, మన వంటింట్లో మాత్రం అరనిండా చుట్టపక్కాల పేర్లే ఉంటాయి. కన్ను ఆ పేరు చదివి, వాళ్ళే సొంతదారులనుకుంది. ఇంకేముంది, తెల్లారేసరికి ఊరు ఊరంతా ఒకరి కానుకలు ఒకరి మొహాన తిప్పికొట్టుకుంది.

మధ్యాహ్నానికి జోషిత ఇన్నేళ్ళుగా పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ పంచిపెట్టినవన్నీ తిరిగొచ్చి వరండాలో గుట్టపడ్డాయి. అందులో ఒక పళ్ళెం ఆమె తన మేనకోడలికి ఇచ్చింది. అది మాత్రం ముక్కూమొహం తెలియని వాళ్ళింటినుంచి వచ్చింది. జనం మొదట ఉలిక్కిపడ్డారు, కొందరు అలిగారు, ఆ తరవాత విషయం తెలిసి నవ్వుకున్నారు. మీ గ్లాసులు మా దగ్గరున్నాయి, మా కూజా మీరు పంపండి అంటూ పొద్దుగూకేదాకా ఫోన్లే ఫోన్లు. జోషిత ఎంతమందితో మాట్లాడిందో ఆమెకే తెలియదు. ఫోన్ ఎత్తనిది ఒక్క తన్విక.

తన్విక జోషిత భర్త రుషిత్‌కు అక్క. సుబ్బమ్మలూ వెంకాయమ్మలూ వెళ్ళిపోయి చాలాకాలమైంది. ఇప్పుడు డెబ్భైదాటిన ముసలమ్మలంతా తన్వికలూ హన్వికలే. తల్లీతండ్రీ ఎప్పుడో పోయారు గనుక ఆవిడకు పుట్టిల్లంటే తమ్ముడి ఇల్లే. ఆ తమ్ముడు పోయి ఏడాది కావస్తోంది. పెద్దకర్మ అయిన రోజున తన్విక జోషిత చేయి పట్టుకుని, నేనింక ఈ గడప తొక్కొచ్చునా అని అడిగింది. ఇదేం మాట వదినా అని జోషిత ఆవిడను కసిరింది. అటువంటి మనిషి గుమ్మంలో ఆ తపేలా వెళ్ళి దిగింది. దాని అంచు చుట్టూ చుక్కల్లో ‘చి. రుషిత్ గృహప్రవేశ శుభసందర్భమున, అక్క తన్విక, బాపట్ల’ అని ఉంటుంది. తమ్ముడి మొదటి ఆబ్దికం ఇంకా రానేలేదు, తనిచ్చింది తనకు తిప్పి పంపేశారు. ఏ ఆడపడుచైనా దానికి ఏం అర్థం చెప్పుకుంటుంది?

లేచి బాపట్ల బస్సెక్కితే సరిపోయేది. అదే ఆమె చేయలేదు. జోషిత బతుకంతా ఆఫీసుల్లో పనిచేసి రిటైరైన మనిషి. ఏది చెప్పినా రుజువుతో చెప్పాలన్న పట్టుదల ఒకటి ఒంటికి పట్టేసింది. ఉత్తచేతులతో పోయి మిషను పొరపాటని చెబితే సాకు చెప్పినట్టుంటుందనుకుంది. ముందు రాతకొట్టులో తప్పు దిద్దించి, తపేలాను ఇంటికి రప్పించి, అప్పుడు వదిన ముందు తలెత్తుకుని నిలబడదామనుకుంది. ఆ అనుకోవడంతో మొదలైంది ఆమె తిప్పలు.

అక్షర సేవాకేంద్రంలో గిన్నెలు పోయినవాళ్ళ వరస వీధిదాకా ఉంది. తన వంతు వచ్చేసరికి జోషిత కాళ్ళు లాగేస్తున్నాయి. బల్ల అవతల మోక్షిత్ అనే కుర్రాడు తెరమీద తపేలా బొమ్మా, పక్కనే దాన్నుంచి తోడిన రాతా తెచ్చి చూపించాడు. పేరు తప్పు చదివిందా అని అడిగాడు. లేదంది. ఊరు తప్పు చదివిందా అన్నాడు. లేదు, ఊరు బాపట్లే అంది. చుక్క పొల్లుపోకుండా చదివినప్పుడు ఇంక దిద్దేదేముందని అతను తల గోక్కున్నాడు. తప్పు చదివితే దిద్దడానికి ఏర్పాటుందట. సరిగ్గా చదివినదాన్ని దిద్దడానికి ఏర్పాటు లేదట.

జోషితకు ఒళ్ళు మండిపోయింది. “అది ఆవిడ పేరేనయ్యా. గిన్నె మాత్రం నాది.”

“మీదైతే దాని మీద మీ పేరెందుకు లేదమ్మా?” అన్నాడు మోక్షిత్.

ఎగతాళికి అనలేదు. నిజంగానే తెలియక అడిగాడు. వాళ్ళ కాలంలో పెళ్ళికి గిన్నెలు ఎవరిస్తున్నారు గనక? చెప్పడమంటూ మొదలుపెడితే ఎక్కడినుంచి మొదలుపెట్టాలి? వెనక ఉన్నవాళ్ళు గొణుగుతున్నారు. ఇంటికెళ్ళి దిద్దుపలక తెరిచి మీరే ప్రయత్నించండి, అందులో అన్ని వీలూ ఉంటాయి అని ఆ కుర్రాడు ఓదార్పుగా చెప్పి పంపేశాడు.

దిద్దుపలకలో అన్ని వీలూ ఉన్నాయి, ఆమెకు కావలసింది తప్ప. ఎడమపక్క తపేలా బొమ్మ, కుడిపక్క తోడిన రాత. ఏ అక్షరం మీద వేలు పెడితే బొమ్మలో ఆ చుక్కలు వెలుగుతాయి. ముచ్చటగానే ఉంది. జోషిత ఆ రాత చివర ‘ఇచ్చినది’ అని చేర్చింది. బొమ్మలో లేని అక్షరాలు చేర్చరాదని పలక చెరిపేసింది. ‘జోషితకు’ అని చేర్చింది. చెరిపేసింది. సరే, వివరణ రాద్దామని చూస్తే వివరణ గడిలో మూడు మాటలకు మించి పట్టవు. మన ఆచారం మూడు మాటల్లో ఇమిడే ఆచారమా? ఆమె పళ్ళు నూరుకుంటూ మళ్ళీ మళ్ళీ రాసింది, అది మళ్ళీ మళ్ళీ చెరిపింది. దయ్యంతో తగువు పెట్టుకున్నట్టుంది. చివరికి పలకే ఒక దారి చూపించింది. ఆ పేరున్న రాతంతా తొలగిస్తే, పేరులేని వస్తువు ముందెవరి ఇంట్లో ఉండేదో వాళ్ళకే చేరుతుందట. దానికి పేరుగల మనిషి సమ్మతం ఉంటే చాలట.

తీసేది రాతకొట్టులో పేరే కదా, తపేలా మీది పేరు తపేలా మీదే ఉంటుంది కదా అనుకుంది జోషిత. విసుగులో కిందనున్న సన్నక్షరాలు చదవలేదు. ఊరందరికీ చదివిపెట్టే కన్ను గోడమీద ఉండగా ఎవరు చదువుతారు? ‘తొలగింపు’ మీద వేలు నొక్కింది. ఆమె కాఫీ తాగేలోపే సమ్మతం వచ్చేసింది. వదిన ఇంత తొందరగా ఒప్పుకుందంటే సంగతి అర్థమైనట్టేనని జోషిత హమ్మయ్య అనుకుంది.

తపేలా వచ్చింది. బండి దాన్ని పొయ్యి పక్కన పెట్టి వెళ్ళాక జోషిత చేతుల్లోకి తీసుకుంది. అంచు మీద వేలు పోనిచ్చింది. నున్నగా ఉంది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. చుక్కలుండాల్సిన చోట కొత్త గిన్నెలా తళతళలాడుతోంది. రుషిత్ పేరూ లేదు, గృహప్రవేశమూ లేదు, అక్కా లేదు, బాపట్లా లేదు.

కన్నును అడిగితే ఓపిగ్గా చెప్పింది. బొమ్మా రాతా ఎప్పుడూ ఒకటిగా ఉండాలన్నది నియమం. రాత మారితే వస్తువును కూడా దానికి తగ్గట్టు మార్చాలి గనక కర్మాగారంలో అరగదీశారు. మరి మా వదినకు ఏమని రాశారని అడిగింది జోషిత. ఆ సందేశాన్ని కన్ను ఉన్నదున్నట్టు చదివింది. ‘జోషిత గారు తమ ఇంటి వస్తువు మీద మీ పేరు తొలగించవలసిందిగా కోరుతున్నారు. మీకు సమ్మతమేనా?’

అది చదివి ఊరుకోకుండా, మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం, మా సేవ మీకు తృప్తినిచ్చిందా అని కూడా అడిగింది. జోషిత చేతిలోని మసిగుడ్డ దాని మొహాన విసిరింది. జుట్టైనా దువ్వుకోకుండా తపేలాను సంచిలో వేసుకుని బస్సెక్కింది.

తన్విక తలుపు తీసి, రామ్మా అని, కుర్చీ చూపించి, మంచినీళ్ళు పళ్ళెంలో పెట్టి తెచ్చింది. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో జోషితకు ఎవరూ పళ్ళెంలో నీళ్ళు తేలేదు. వంటింట్లోకి పోయి తనే ముంచుకుని తాగేది. ఆమె గ్లాసు ముట్టకుండా తపేలా తీసి ఇద్దరి మధ్యా పెట్టి, మొదటినుంచీ చివరిదాకా చెప్పింది. కన్నుకు వచ్చిన కొత్త చూపు, సేవాకేంద్రంలో కుర్రాడు, దిద్దుపలక, సన్నక్షరాలు. చెబుతుంటే తన మాటలు తనకే నమ్మశక్యంగా లేవు. తన్విక మోకాళ్ళు పట్టుకుని మంచం మీద కూర్చుని అంతా విన్నది.

“తపేలా వచ్చినప్పుడు మిషను పనేనని నాకూ తెలుసు,” అంది తన్విక. “నా అరలు మాత్రం ఖాళీ కాలేదా ఏంది? నేనూ నవ్వుకున్నా. నువ్వు ఫోన్ చేస్తే కావాలనే ఎత్తలా. ఎత్తితే ఫోన్లోనే తేల్చేస్తావు. ఎత్తకపోతే తపేలా కోసమన్నా వస్తావు, రెండ్రోజులుంటావు అనుకున్నా. నీకోసం గోంగూర కూడా తెప్పించా.”

జోషిత తల దించుకుంది.

“ఆ తరవాత వచ్చిందే సందేశం, అది మిషను తనంతట తాను పంపింది కాదుగా. నువ్వు నొక్కితేనే వచ్చింది.”

“మరి సమ్మతమని ఎందుకన్నారు వదినా? ఒక్కసారి వద్దంటే అయిపోయేదిగా.”

“వద్దని ఎట్టా అంటానే? తీసెయ్యమన్నాక కూడా నా పేరు మీ ఇంట్లో పడుండాలా?” అంది తన్విక. “నా పేరు నా ఇంట్లో ఎందుకు నాకు? మా తమ్ముడింట్లో ఉండాలని గదా వేయించింది.”

జోషిత మళ్ళీ చెక్కిస్తానని అన్నది గానీ, అనగానే నాలుక కరుచుకుంది. చెక్కిస్తే కన్ను చదువుతుంది. చదివితే తపేలా మళ్ళీ బాపట్ల వస్తుంది. పేరుంటే గిన్నె ఉండదు, గిన్నె ఉంటే పేరుండదు. ఇంతమంది తెలివైనవాళ్ళు కూర్చుని కట్టిన పథకంలో, ఒక మనిషి పేరు ఇంకో మనిషి ఇంట్లో ఉండటానికి చోటే లేకుండా పోయింది. ఎవరిమీద అరవాలో తెలియక జోషిత పిడికిలి బిగించి ఒళ్ళో పెట్టుకుంది.

తన్విక వంగి తపేలా అందుకుంది. నున్నబడ్డ అంచును చీరచెంగుతో తుడిచింది, అక్కడ తుడవాల్సిందేమీ లేకపోయినా. తమ్ముడి ఆబ్దికం తిథి ఎప్పుడొచ్చిందని అడిగింది. జోషిత చెప్పింది. ఆ మోకాళ్ళతో అంతదూరం కష్టమేమో, బండి పంపిస్తానని కూడా చెప్పింది.

“బండీ వద్దు, గిండీ వద్దు. నా కాళ్ళతో నేనొస్తా,” అంది తన్విక. “పేరెటూ పోయింది. ఇంక మనిషినే రావాలి.”

ఆ మాట ఆవిడ నవ్వుతూ అనలేదు. జోషితకు ఏడుపొచ్చింది. అందులో సగం కోపమే, కన్ను మీద కొంతా, దాన్ని నమ్ముకుని నొక్కిన తన వేలి మీద ఎక్కువా.