తిరుగు మాట

రెండో కాఫీ తెమ్మని చంద్రకళ చెయ్యి దానంతటదే లేచింది. మెడ వెనక బిగించిన యంత్రపు గొళ్ళెం దగ్గర చిన్న వెచ్చదనం తగిలితే భుజం వదులుచేసి దారివ్వడం ఈ ఏడు నెలల్లో ఆమెకు అలవాటైపోయింది.

"ఇందులో గుడ్డు వేశారటే?" అని అడిగింది సీతారావమ్మ, చంద్రకళ నోటితోనే.

"అవునండి పిన్నిగారూ. ఈ దేశంలో ఇది పేరున్న కాఫీ, హోయాన్‌లోనూ దొరుకుతుంది." ఈ జవాబూ ఆ నోటినుంచే వచ్చింది. పక్క బల్ల వాళ్ళు తల తిప్పలేదు. పరాయి మనిషిని ఒంట్లో మోస్తూ తమలో తాము మాట్లాడుకునే మోతమనుషులు ఈ ఊళ్ళో మామూలే.

"సరే. నోరు నీది, పాపం నీకే. నేను రుచి మటుకే చూస్తా."

ఆవిడ తెనాలిలో మంచాన పడి నాలుగేళ్ళయింది. కూతురు ముచ్చటపడి మోతమనిషి ఒంట్లో ఆరు గంటల సవారీ కొనిచ్చింది. పదకొండు నుంచి ఐదు దాకా చంద్రకళ కాళ్ళు ఆవిడవి, కళ్ళు ఆవిడవి. కాళ్ళ నొప్పి మాత్రం చంద్రకళది.

కాఫీ అయ్యాక పట్టులాంతర్ల కొట్లమీద పడ్డారు. ఆవిడ ఒక్కొక్కటీ దింపించి చూసింది.

"మేడమీది కామేశ్వరికి ఆ చిన్నది చాలు. నాకు జ్వరమొస్తే తొంగి చూడలేదు మహాతల్లి."

"పెద్దదిచ్చి సిగ్గుపడేట్టు చెయ్యండి."

"దానికి సిగ్గు కూడా కొనుక్కెళ్ళాలే అమ్మాయ్!"

నవ్వింది ఎవరో చంద్రకళకు తెలియలేదు. పొట్ట మాత్రం ఇద్దరికీ కదిలింది.

నాలుగూ నలభైకి మణికట్టు పట్టీ తట్టింది. మూడు పొడుగు, ఒకటి పొట్టి. ఆ తట్ల భాష మోతమనుషులకు తప్ప ఎవరికీ రాదు. శిక్షణలో తప్ప చంద్రకళ ఎన్నడూ వినని వరస అది.

దానర్థం: అక్కడి మేను ఆగిపోయింది, తెనాలిలో ఆవిడ పోయింది.

ఆవిడ ఎర్రలాంతరు పట్టుకుని బేరమాడుతూనే ఉంది.

సవారీ దిగాలంటే "వెళ్తున్నాను" అనాలి. అప్పుడే గొళ్ళెం ఊడుతుంది. "వెళ్ళొస్తాను" అంటే యంత్రం దాన్ని తిరుగు ప్రయాణంగా రాసుకుంటుంది. తెలుగు సవారీలతో రోజూ ఇదే తంటా. అక్కడి మేను ఆగిపోతే మాత్రం సవారీ చేసేవాళ్ళు అనకపోతే మోతమనిషైనా ఆ మాట పలకాలి, పది నిమిషాల్లో. లేదంటే సవారీ చేసే మనిషి మోతమనిషి ఒంట్లోనే ఇంకిపోతుంది. ఇంకిన మేనును సరిహద్దు దాటనివ్వరు.

శుక్రవారంతో పని ముగించి చంద్రకళ ఇంటికి విమానమెక్కాలి. నరసాపురంలో మూడేళ్ళ కూతురు జోషిత అప్పుడే చెప్పులేసుకుని గుమ్మంలో కూచుంటోందని అత్తగారు చెప్పింది.

"పిన్నిగారూ, టైమవుతోంది. ఒక్కసారి 'వెళ్తున్నా' అనండి."

"బాగుందే! శుభమా అని ఊరు చూడ్డానికొచ్చి అదేం పాడుమాట?"

"ఉత్తినే అండి. మిషను కోసం."

"మా ఇళ్ళల్లో అలా అనరని మిషనుకి చెప్పు."

ఇంక ఆరు నిమిషాలే. ఆవిడ లాంతరు కింద పెట్టింది.

"ఏమే, నీ గుండె అలా కొట్టుకుంటోందేం? నాక్కూడా తెలుస్తోంది."

చంద్రకళ మణికట్టు పట్టీని అరచేత్తో కప్పింది.

"ఇందాక అక్కడ మా అమ్మాయి ఏడుస్తున్నట్టు వినపడింది, సన్నగా. ఇప్పుడు అదీ లేదు. నీకు పిల్లలున్నారటే?"

"ఒక పాప."

"అయితే అనాల్సిందేదో నువ్వే అను."

నాలుక ఒక్కసారిగా తేలికైంది. ఆవిడే పక్కకు జరిగి దారిచ్చింది. చంద్రకళ నోరు తెరిచింది. "వె" అన్న అక్షరం వచ్చేసింది కూడా. దాని వెనక రావాల్సినవి రాలేదు. ఇంటికొచ్చిన పెద్దావిడను గుమ్మంలోంచి గెంటే మాట అది.

"వెళ్ళిరండి పిన్నిగారూ," అంది.

గొళ్ళెం చల్లబడింది. తల లోపల ఇల్లు ఖాళీ చేసినట్టయింది. పట్టీ తట్టడం మొదలుపెట్టింది. 'రండి' అన్నందుకు తిరుగు ప్రయాణం నమోదు. ఆవిడ తిరిగొచ్చే మేనుగా తన మేనే రాస్తారని చంద్రకళ కళ్ళు మూసుకుంది. కానీ శుక్రవారంతో పని ముగిసేవాళ్ళ పేర్లు తిరుగు ప్రయాణాల జాబితాలో ఉండవు. పట్టీ మిగతాది తట్టింది. మేను: ఖాళీగా ఉన్నవి ఏవైనా.

ఎదుటి అరుగుమీద సిగరెట్టు కాలుస్తున్న ఫిలిప్పీన్స్ మోతమనిషి పెదవి తడుముకున్నాడు.

"ఇదేంటే, నాకు మీసాలొచ్చాయి!" అన్నాడు, తేటైన తెనాలి తెలుగులో.

అతని వెనక సైకిలు తోసుకుపోతున్న పిల్ల ఆగింది. టోపీల కొట్లోంచి ఒకామె బయటికి వచ్చింది. వంతెన మీద ఇద్దరు. సవారీ లేని మోతమనుషులంతా ఒక్కొక్కరే తల తిప్పి చంద్రకళనే చూస్తున్నారు.

పట్టీ మళ్ళీ తట్టింది. విచారణ ముగిసేదాకా మోతమనుషులెవరూ ఊరు దాటరాదు.

శుక్రవారం విమానం పోయినట్టే. సంచిలో ఫోను మోగింది. తెర మీద నరసాపురం నంబరు. చంద్రకళ దాన్ని అలాగే పట్టుకుని నిలబడింది.

"ఎత్తవే," అన్నారు వీధిలో అందరూ, ఒక్క గొంతుతో. "పిల్ల చూస్తుంటుంది."