మొదటి ఫైలు

పది గంటలలోపు వంట ముగించుకోవడం విజయశ్రీకి ఈ ఏడాదిలో అలవాటైన పని. సోమ, బుధ, శుక్రవారాల్లో పదింటికి దివాకర్ వస్తాడు. తార్నాక బస్టాపులో దిగి, తెల్లకర్రతో సందు కొలుచుకుంటూ వచ్చి, గేటు దాటిన మూడో అడుగులో శశిభూషణ్ స్కూటరుకు మోకాలు కొట్టుకుంటాడు. "నమస్తే అమ్మా, సార్ బండి పైలంగనే ఉన్నది" అని నవ్వుతాడు. స్కూటరు పక్కకు పెట్టమని ఆమె భర్తకు ఎన్నోసార్లు చెప్పింది. "అక్కడైతే నీడ ఉంటుంది" అనేవాడాయన.

దివాకర్ యూనివర్సిటీలో ఎం.ఎ. పొలిటికల్ సైన్స్ చదువుతున్నాడు. జనగామ దాటాక ఒక పల్లె అతనిది. వాళ్ళ ఇంట్లో కాలేజీ మెట్టెక్కిన మొదటివాడు. పుట్టుకతోనే చూపు లేదు. చదివి వినిపించేవారు కావాలని లైబ్రరీ బయట అంటించిన కాగితం చూసి, డిగ్రీ రెండో ఏడాదిలో పెళ్ళై చదువు మానేసిన విజయశ్రీ, తనంతట తానే ఫోన్ చేసింది. నిరుడు చదివి వినిపిస్తానని మాటిచ్చిన ఒకాయన రాకపోవడంతో దివాకర్ ఒక పేపరు తప్పాడు. ఈసారీ తప్పితే హాస్టల్ గది పోతుంది, ఊరికి తిరిగి వెళ్ళాలి. పరీక్ష ఇంకా పన్నెండు రోజులుంది.

ఆ బుధవారం శశిభూషణ్ కాఫీ గ్లాసు పట్టుకుని చాలాసేపు తాగకుండా కూర్చున్నాడు. నుదుటి మీద చిన్న బ్యాండేజీ. ముందురోజు సాయంత్రం తను పనిచేసే రైల్వే వర్క్‌షాపు నుంచి రోజూలాగే స్నేహితుడి కారులో వస్తుంటే, తెలంగాణ కోసం విద్యార్థుల ఆందోళన జరుగుతున్న క్యాంపస్ రోడ్డు మలుపులో ఎక్కడినుంచో వచ్చిన రాయి అద్దానికి తగిలింది.

"ఇవాళ ఆ అబ్బాయిని రావద్దని చెప్పు," అన్నాడు.

"పరీక్ష దగ్గర పడిందండీ."

"పడితే? క్యాంపస్‌లో చదివేవాళ్ళు కరువా? వాళ్ళ వాళ్ళు బోలెడుమంది ఉన్నారుగా."

"వాళ్ళ వాళ్ళు" అన్న మాట విజయశ్రీ చెవిలో ఉండిపోయింది. ఇరవయ్యారేళ్ళలో ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు. ఆమె వంటింట్లోకి వెళ్ళి దివాకర్‌కి ఫోన్ చేసింది. కారణం చెప్పడానికి నోరు రాలేదు.

"బయట బాగోలేదు నాన్నా. రెండు మూడు రోజులు రాకు."

"తెల్సమ్మా. మా హాస్టల్ల ఇంకా పోలీసోళ్ళ గ్యాస్ మంట పోలేదు, కండ్లు మండుతున్నయి. పనిచెయ్యని కండ్లు గూడ మండుతయని నిన్ననే తెల్సింది," అని నవ్వాడు దివాకర్. తర్వాత కొంచెం ఆగి, "మీకు ఇబ్బంది లేకుంటే రికార్డు చేసి పెన్‌డ్రైవ్‌ల ఇయ్యుండ్రి. వింట," అన్నాడు.

మైకు ఇంట్లోనే ఉంది. కూతురు సుధామయి ట్రైనింగ్ కోసం పూణే వెళ్తూ తన గేమింగ్ హెడ్‌సెట్ కంప్యూటర్ బల్ల మీదే వదిలి వెళ్ళింది. చెవుల మీద దొప్పల్లాంటి కప్పులు, నోటి ముందుకు వంగే కడ్డీ మైకు, కంప్యూటర్ ఆన్ చేస్తే ఎర్రగా వెలిగే దీపాలు. అది పెట్టుకుని సుధ ఎవరితోనో "వెనక నుంచి వస్తున్నాడు, కాల్చెయ్, కాల్చెయ్!" అని అరుస్తుంటే పక్కింటావిడ ఒకసారి కంగారుగా తలుపు కొట్టింది. అమ్మాయికి ఫోన్ చేస్తే స్విచ్డ్ ఆఫ్ వచ్చింది. సరేనని విజయశ్రీ తనే బల్ల కింద చీకట్లో తల దూర్చింది. తీగ చివర రెండు పిన్నులు. ఒకటి గులాబీ, ఇంకోటి ఆకుపచ్చ. సీపీయూ వెనక వరుసగా మూడు రంధ్రాలు. గులాబీది గులాబీలో పెట్టింది. రెండోది కళ్ళు చిట్లించి పచ్చగా కనిపించినదాంట్లో గుచ్చింది.

సుధ చూపించిన రికార్డింగ్ ప్రోగ్రాం తెరిచి, ఎర్ర బొత్తాం నొక్కి, "మొదటి యూనిట్. భారత రాజ్యాంగం," అని చదివింది. ఆపి, వినడానికి మళ్ళీ పెట్టింది. ఏమీ లేదు. మైకు నోటికి దగ్గరగా వంచింది. లేదు. తీగ మధ్యలో ఉన్న చిన్న చక్రం పైకి తిప్పింది, కిందికి తిప్పింది. లేదు. కంప్యూటర్ ఆపి మళ్ళీ ఆన్ చేసింది. దీపాలు దర్జాగా వెలిగాయి, శబ్దం మాత్రం లేదు. ఏడోసారి ఎర్ర బొత్తాం నొక్కి, "హలో హలో" అంటూ ఉండగానే గేటు చప్పుడైంది. బంద్ కదా, శశిభూషణ్ మధ్యాహ్నానికే వచ్చేశాడు.

"ఏమిటీ వేషం?"

విజయశ్రీ హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టింది. "దివాకర్‌కి రికార్డు చేద్దామని. మైకు పాడైనట్టుంది."

ఆయన బల్ల ముందున్న కుర్చీలోనే కూలబడ్డాడు. కడ్డీ మైకు సరిగ్గా ఆయన వైపే తిరిగి ఉంది.

"రావద్దంటే గొంతు పంపిస్తున్నావన్నమాట. కళ్ళు లేనివాడని జాలిపడి గుమ్మం ఎక్కనిచ్చాను. నా తల పగిలేదాకా వచ్చింది."

"మీ తల పగలగొట్టింది దివాకరా? ఎటు విసరాలో కూడా..." అని ఆమె నాలుక కరుచుకుంది.

"అతను కాకపోతే అతని పక్క మంచంవాడు! అందరిదీ ఒకటే మాట. మనం దోచుకోవడానికి వచ్చామట. ఇరవయ్యారేళ్ళుగా గ్రీజు చేతులతో అన్నం తిన్నవాణ్ణి. ఏం దోచుకున్నాను విజయా?"

"అతనెప్పుడైనా ఆ మాట అన్నాడా మనతో?"

"అనడు. అవసరం తీరేదాకా ఎవరూ అనరు."

ఆయన గొంతు తగ్గింది.

"తెనాలి వెళ్తే 'హైదరాబాదువాళ్ళు వచ్చారు' అంటారు. ఇక్కడ ఇలా. రేపు నిజంగానే పొమ్మంటే ఎక్కడికి పోతాం? సుధ ఇక్కడే పుట్టింది."

"ఎవరూ పొమ్మనరండీ."

"నీకేం తెలుసు," అని లేచి వెళ్ళిపోయాడు.

సాయంత్రం కంప్యూటర్ ఆపబోతే తెర మీద ఏదో అడిగింది. సుధ ఎప్పుడో చెప్పింది, "ఏదడిగినా యెస్ నొక్కెయ్యమ్మా" అని. విజయశ్రీ యెస్ నొక్కింది.

మర్నాడు ఆయన డ్యూటీకి వెళ్ళాక మళ్ళీ దివాకర్‌కి ఫోన్ చేసింది. "నా వల్ల కాలేదు నాన్నా. మైకు చచ్చిపోయింది."

"ఆగుండ్రి. మాట్లాడేటప్పుడు తెర మీద గీత ఎగురుతున్నదా?"

"ఎగురుతోంది. ఆగితే పడుకుంటోంది."

"గట్లైతే మైకు మంచిగున్నది. మీరు చెప్పింది అది ఇంటున్నది. అది చెప్పేదే మీకు ఇనబడతలేదు. పిన్నులు యాడ పెట్టిండ్రు?"

"గులాబీది గులాబీలో, పచ్చది పచ్చదాంట్లో."

"రంగులు నాకు చెప్పకుండ్రమ్మా, నమ్మను," అని నవ్వాడు. "ఏలు పెట్టి తడుముండ్రి. పై నుంచి ఎన్నోది?"

విజయశ్రీ బల్ల కింద నేల మీద కూర్చుని, ఫోను భుజానికీ చెంపకీ మధ్య ఇరికించి, కళ్ళు మూసుకుని తడిమింది. "గులాబీది అన్నిటికన్నా కింద. రెండోది అన్నిటికన్నా పైన. మధ్యది ఖాళీ."

"గదే. పైది నీలం అంటరు. నడిమిది పచ్చది. పైది పీకి నడిమిట్ల పెట్టుండ్రి. టక్‌మని చప్పుడొచ్చేదాకా నూకుండ్రి."

టక్‌మంది. హెడ్‌సెట్ తలకు పెట్టుకుని, రికార్డు చేసి మళ్ళీ పెడితే, చెవుల్లో ఆమె ఊపిరే ఆమెకు వినిపించింది. అద్దాలు సరిగ్గా తుడుచుకోకుండా తను రెండు రోజులు నీలాన్ని పచ్చ అనుకుంది. చూపు లేనివాడు ఫోనులో చెప్పి సరిచేశాడు. ఆమెకు నవ్వూ సిగ్గూ కలిసి వచ్చాయి.

ఆ రోజంతా చదివింది. మొదటి మూడు యూనిట్లు పూర్తయ్యాయి. శుక్రవారం ఫోల్డరు మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, బస్టాపు దగ్గర దివాకర్ చేతిలో పెట్టింది.

శనివారం మధ్యాహ్నం అతని ఫోన్ వచ్చింది.

"అమ్మా, పాఠాలన్నీ ఇన్న. మంచిగున్నయి. అయితే... మొట్టమొదటి ఫైలు, పేరు లేంది. అది మీరు నాకు పంపాలనుకోలేదేమో."

విజయశ్రీకి ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆ వెంటనే అంతా అర్థమైంది. గీత ఎగురుతూనే ఉంది కదా. మైకు చావనే లేదు.

"ఎంతవరకు విన్నావు?"

"అబద్ధమెందుకు, మొత్తం ఇన్న. ముందుగాల పాఠమే అనుకున్న. తర్వాత ఆపబుద్ధి కాలేదు. తప్పు నాదే."

పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏడ్వకుండ్రమ్మా. సార్ చివర్ల 'ఎక్కడికి పోతాం' అన్నడు చూడు, మా బాపు గూడ గట్లనే అడిగిండు. బోర్లు ఎండి, భూమి పడావు పడ్డంక, బొంబాయి బస్సెక్కే ముంగట. గదే గొంతు. నాకు బాపే యాదికొచ్చిండు." కొంచెం ఆగాడు. "ఒక్కటి మాత్రం ఒప్పుకోను. అవసరం తీరేదాకా అన్నడు గదా. అది తప్పు. సార్‌తోని నేనన్ననని చెప్పుండ్రి."

"చెబుతాను నాన్నా."

"ఇంకోటి. మీరు మైకు గడ్డం కింద పెట్టుకొని చదివిండ్రు, ఊపిరే ఎక్కువ ఇనబడుతున్నది. సార్ గొంతు మస్తు సాఫ్‌గ పడ్డది. నాలుగో యూనిట్ ఇంకా చదవలేదు గద? సార్ చదివితే మంచిగుంటది."

సాయంత్రం శశిభూషణ్ వచ్చాడు. విజయశ్రీ ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తల మీద హెడ్‌సెట్ పెట్టి, ఆ మొదటి ఫైలు మీద బొత్తాం నొక్కింది. ఎర్ర దీపాల మధ్య ఆయన ముఖం ముందు విసుగ్గా ఉంది. ఆ తర్వాత కదలకుండా అయింది. ఒకచోట ఆయన చెయ్యి దానంతటదే నుదుటి బ్యాండేజీ మీదకు వెళ్ళింది. అయిపోయాక కూడా హెడ్‌సెట్ తీయలేదు.

"ఇది నేనేనా?" అన్నాడు. తర్వాత, "అతను విన్నాడా?"

"విన్నాడు."

"ఏమన్నాడు?"

ఒక్క మాటా దాచకుండా చెప్పింది. బొంబాయి బస్సు సంగతి చెప్పినప్పుడు ఆయన కళ్ళు దించుకున్నాడు. నాలుగో యూనిట్ సంగతి చెప్పేసరికి తడి కళ్ళతోనే నవ్వు వచ్చింది ఆయనకు. "తిట్టిన గొంతే కావాలటా?"

"బాగా పడిందట మరి."

ఆదివారం పొద్దున్న ఆయన స్నానం చేసి, విభూతి పెట్టుకుని, పరీక్షకు కూర్చున్నట్టు బల్ల ముందు కూర్చున్నాడు. నాలుగో యూనిట్ చివర రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ ఉంది. మైకు నోటికి రెండు వేళ్ళ దూరంలో పెట్టుకుని నిదానంగా చదువుతూ పోయాడు. పెద్దమనుషుల ఒప్పందం దగ్గరకు వచ్చాడు. తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణకే ఖర్చు పెట్టాలన్న వాక్యం ఒకసారి చదివి, మళ్ళీ చదివాడు. అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇన్నేళ్ళున్నాను ఇక్కడ. ఒక్కసారైనా ఇది తెరిచి చదవలేదు," అని తనలో తను అనుకున్నట్టే పైకి అనేశాడు.

విజయశ్రీ తెర వైపు చూపించింది. గీత ఎగురుతోంది. "అది కూడా పడిందండీ. తీసేసి మళ్ళీ చదువుతారా?"

ఆయన ఆలోచించాడు. "ఉండనీ," అన్నాడు.

మధ్యాహ్నం పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని చెప్పులు తొడుక్కున్నాడు. "నేనిచ్చొస్తాను."

"ఆ రోడ్డునా? ఇవాళా?"

"పక్కనేగా క్యాంపస్. నడిచే వెళ్తాను."

రెండు గంటలసేపు విజయశ్రీ గేటుకీ వంటింటికీ మధ్య తిరిగింది. ఆయన తిరిగొచ్చి, కుండలో నీళ్ళు తాగి, "హాస్టల్లో టీ ఇచ్చారు. పంచదార ఎక్కువేశారు," అన్నాడు. అంతకు మించి ఆమె అడగలేదు. కాసేపటికి ఇంటి ముందు వాకిట్లో ఏదో బరువైనది ఈడ్చిన చప్పుడు వినిపించింది.

సోమవారం సరిగ్గా పదింటికి గేటు తీసుకుని దివాకర్ లోపలికి వచ్చాడు. మూడో అడుగు దగ్గర అలవాటుగా ఆగి, మోకాలు వెనక్కి పెట్టి, కర్ర ముందుకు చాపాడు. కర్రకు ఏమీ తగల్లేదు. అటూ ఇటూ ఊపి చూశాడు.

"అమ్మా! సార్ బండి ఎవలన్న ఎత్కపోయిండ్రా ఏంది?"

"లేదు. గోడవారగా పెట్టాను. ఇక అక్కడే ఉంటుంది," అన్నాడు శశిభూషణ్ మెట్ల మీద నుంచి. లీవు పెట్టి ఆయన అతని కోసమే కూర్చున్నాడు.

"గాడ ఎండ పడ్తది గద సార్."

"పడనీ." ఆయన మెట్లు దిగి వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు. "దివాకర్, నిన్న మీ స్నేహితుల ముందు అనలేకపోయాను. అవసరం తీరేదాకా అన్నానే, ఆ మాట తప్పు. పెద్దవాణ్ణి, అనకూడదు."

దివాకర్ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఆ ఫైలు తుడిచేసిన సార్."

"మొత్తం తుడిచేశావా?"

"మొదటిది తుడిచేసిన. నిన్నటిది ఉంచుకున్న. నడుమ మీరన్న మాటతోని సహా."

గుమ్మంలో నిలబడ్డ విజయశ్రీ పమిటతో కళ్ళు ఒత్తుకుని, పుస్తకంలో ఐదో యూనిట్ తెరిచింది. "మాటలు తర్వాత. పరీక్ష వారమే ఉంది. ఇవాళ ఎవరం చదవాలి?"

"ఇద్దరు చదువుండ్రి," అన్నాడు దివాకర్ కర్రతో మెట్టు వెతుక్కుంటూ. "రికార్డు గూడ చేయుండ్రి, హాస్టల్ల మళ్ళ వింట. మీరు మాత్రం మైకు గడ్డం కింద పెట్టకుండ్రి అమ్మా."