పదిహేడో నంబరు ప్లేటు

ఉదయం ఏడూ నలభైకి వెల్డింగ్ నేర్పే వర్క్‌షాప్‌లో మాస్టారు బీరువా తెరిచారు. ఇరవై నాలుగు ప్లేట్లు ఉండాలి. ఇరవై మూడే ఉన్నాయి.

పోయింది పదిహేడో నంబరు.

రెండు ఇనప ముక్కలు, మధ్యలో ఒక అతుకు. చూడ్డానికి అంతే. కానీ నిన్నటి ట్రేడ్ టెస్టులో పాసైన అతుకు అదొక్కటే. పదకొండింటికి విదేశీ కంపెనీ ఆఫీసర్ వచ్చి దానికి ఎక్స్‌రే తీస్తాడు. ప్లేటుంటే వీసా. లేకపోతే లేదు.

ఎనిమిదిన్నరకి పోలీసు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు.

"ఎలాగైనా వెతికి పెట్టండి సార్. పెట్టె కూడా సర్దేశాను," అంది వర్క్‌షాప్ ఊడ్చే ఆవిడ. పదిహేడో నంబరు ఆవిడ భర్తే. అతను పక్కనే నిలబడి నేల చూపులు చూస్తున్నాడు.

"బీరువా ఎన్నింటికి మూశారు?"

"నిన్న ఆరుంపావుకి. తాళంచెవి నా జేబులోనే ఉంది," అన్నారు మాస్టారు.

"పొద్దున్న ముందొచ్చింది ఎవరు?"

"ఆరింటికి వీళ్ళిద్దరూ. ఆవిడ ముందు బయట ఊడుస్తుంది, అతను లోపల ప్రాక్టీస్ చేస్తాడు. తర్వాత పోటుగాడు."

పోటుగాడంటే, టెస్టు మూడుసార్లు తప్పినా తనంత వెల్డర్ లేడనుకునే మనిషి. "వాడెలా వెళ్తాడో చూస్తా," అని నిన్న అందరి ముందూ అన్నాడు. అనుమానమంతా అతని మీదే.

"నాకు నోటి దురదుంది గానీ చేతివాటం లేదు సార్," అన్నాడతను.

అందరూ తాళం చుట్టూ మూగారు. దాని మీద గీత కూడా పడలేదు. ఇన్‌స్పెక్టర్ బీరువాని గోడ నుంచి కొంచెం జరిపించి, తలుపు బందులు చూశాడు. రంగు కాలిపోయి ఉంది. అతుకులు కొత్తవి.

"బందులు కోసి తలుపు తీశాడు. మళ్ళీ అతికించి వెళ్ళాడు. మామూలు దొంగైతే అలాగే వదిలేసేవాడు. ఇది వెల్డర్ పని. ముగ్గురూ ఇనప ముక్క మీద తలో వెల్డింగ్ గీత వెయ్యండి."

మాస్టారి గీత తిన్నగా వచ్చింది. పోటుగాడిది అతని మాటల్లాగే మందంగా వచ్చింది. పదిహేడో నంబరు గీత వణికింది. బందుల మీద అతుకులూ అచ్చం అలాగే వణికాయి.

"నీ ప్లేటు నువ్వే దొంగిలించావా?"

అతను మూలకి నడిచాడు. ఇసక బకెట్లోంచి ప్లేటు తీసి ఇచ్చాడు.

ఇన్‌స్పెక్టర్ దాన్ని వెలుతురులోకి తిప్పాడు. "ఈ చేత్తో ఇంత మంచి అతుకు పడదు. పైగా కుడిచేతి వాళ్ళు ఎడమ నుంచి కుడికి వేస్తారు. అతుకు చివర రాడ్ ఆపిన చోట పడే గుంట కుడివైపు ఉండాలి. దీనికి ఎడమవైపుంది." చీపురు పట్టుకున్న ఆవిడ ఎడమచేతి వైపు చూశాడు. "ఆ నిప్పురవ్వల మచ్చలు ఎప్పటివమ్మా?"

ఆవిడ దాచలేదు.

"మూడేళ్ళవి సార్. పరంజా మీంచి పడ్డాక ఆయన చేతికి వణుకొచ్చింది. పని నాకు నేర్పారు. ఇంటికొచ్చే రిపేర్లన్నీ నేనే చేస్తున్నా. నిన్న టెస్టు బూత్ ఊడ్చే వంకతో లోపలికెళ్ళి, ఆయన వెల్డింగ్ కోటు, హెల్మెట్ వేసుకుని ఆ అతుకు నేనే వేశా. విదేశం వెళ్ళాక ఏదో చిన్న పనిలో సర్దుకుంటారనుకున్నా."

"చిన్న పని కాదే," అన్నాడు భర్త. "నిన్న సాయంత్రం కాంట్రాక్ట్ చదివి వినిపించారు. ఆవిరి పైపులట. కింద మనుషులు పనిచేస్తుంటారట. నా అతుకు ఊడితే?"

"ఒక్క మాట చెప్తే ఆగిపోయేదాన్ని కదండీ."

"చెబుదామనే ఇంటికొచ్చా. నువ్వు పాట పాడుకుంటూ పెట్టె సర్దుతున్నావు. నువ్వు పాడగా విని మూడేళ్ళైంది. నోరు రాలేదు."

మాస్టారు ముఖం తిప్పుకున్నారు. ఫిర్యాదు కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

పదకొండింటికి కంపెనీ ఆఫీసర్ వచ్చాడు. సంగతంతా విన్నాడు. అయినా ఎక్స్‌రే తీశాడు. ఫిల్మ్‌ని చాలాసేపు చూశాడు.

"నా పేరు కొట్టెయ్యండి సార్. తనని తీసుకోండి," అన్నాడు భర్త.

"మా క్యాంపులో ఆడవాళ్ళకి చోటు లేదు."

ఆఫీసర్ జాబితాలో పదిహేడో నంబరు ఎదురుగా ఉన్న 'పాస్' అన్న మాట మీద అడ్డంగా గీత గీశాడు. ఆవిడ ఆ గీతనే చూస్తూ అడిగింది.

"అతుకులో తప్పేమైనా ఉందా సార్?"

"లేదు."

"ఒక్కటి కూడా?"

"ఒక్కటి కూడా లేదమ్మా."

ఇన్‌స్పెక్టర్ ఎన్నో కేసులు తేల్చాడు. తేల్చినందుకు సిగ్గుపడింది ఇదే మొదలు.

ఆవిడ చీపురు గోడకి ఆనించి, భర్త వణికే చేతిని పట్టుకుంది.

"పదండి," అంది. "పెట్టె విప్పాలి."