నీలి గీత

మంగళవారం ఉదయం ఎనిమిదిన్నరకల్లా మెకానిక్ పికప్ బండిని గుమ్మం ముందుకు తెచ్చి ఆపాడు. వెన్నెముకకు ఆపరేషన్ అయిన భార్యను వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలి. ఆవిడ అంత ఎత్తుకు కాలెత్తలేకపోతోందని నెల క్రితం ఇంటి వెనక షెడ్డులో బండిని మూడంగుళాలు కిందికి దించాడు. ఇప్పుడు కుర్చీలో కూర్చున్నంత తేలిగ్గా ఎక్కుతోంది. ఆ సంగతి వచ్చినవాళ్లకల్లా చెప్పి మురిసిపోతున్నాడు.

షెడ్డులో ఆయనతో సమానంగా పనిచేసే కూతురు ఆ రోజు తనూ బయల్దేరి, వెనక సీట్లో కూర్చుంది. వీధి చివర స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి అడుగున ఠక్కుమని దెబ్బ తగిలింది. అప్పటికే తల్లి తలుపు పైనున్న పిడిని రెండు చేతులా పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. దారి పొడుగునా అలా ఏడుసార్లు జరిగింది.

“ఎలా ఉందే?” అన్నాడు మెకానిక్, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

“హాయిగా ఉందండీ” అందావిడ.

ఇంటికొచ్చాక తండ్రి బండిని షెడ్డులో పెట్టాడు. తల్లిని పడుకోబెట్టగానే కూతురూ అక్కడికి వెళ్లింది.

“నాన్నా, బండి దించినప్పుడు షాకబ్జర్లు ఎందుకు మార్చలేదు?”

“బాగానే ఉన్నాయిగా. వేసి రెండేళ్లు కూడా కాలేదు.”

“బాగుండి ఏం లాభం? ఈ ఎత్తుకి పొడుగెక్కువ. కడ్డీ ముందే లోపలికి దిగిపోయింది, గుంతొస్తే ఇంకెక్కడికి పోతుంది? అడుక్కి కొట్టుకుంటోంది. పొట్టివి వేయించుకోనంటే బండి దించేది లేదని పోయిన వారం ఒకాయన్ని తిప్పి పంపావు. అమ్మ దగ్గరికొచ్చేసరికి ఆ నియమం ఏమైంది?”

“మీ అమ్మకి లేని నొప్పి నీకెందుకు?”

“అమ్మ నొప్పని ఎప్పుడైనా నోరు తెరిచి చెప్పిందా? నువ్వు పక్కనే కూర్చుని చూడట్లేదంటే ఏమనుకోవాలి?”

ఆయన మొహం తిప్పుకున్నాడు. ఇక ఈయనతో మాటలెందుకని ఆ పిల్ల టార్చి తీసుకుని బండి కిందికి దూరింది.

ఆ షెడ్డులో నట్టు బిగించినవాళ్లు దాని మీద తమ రంగుతో ఒక గీత గీస్తారు. గీసినవాళ్లను అడక్కుండా ఇంకొకరు ఆ నట్టు మీద చెయ్యి వేయరు. తండ్రిది తెలుపు, కూతురిది ఆకుపచ్చ. షాకబ్జర్ల నట్ల మీద మాత్రం నీలి గీతలున్నాయి. అవి అన్నయ్యవి. వాటిని బిగించిన నాలుగో రోజునే జ్వరంతో ఆసుపత్రికి వెళ్లి, ఇరవై ఆరేళ్ల పిల్లాడు మళ్లీ ఇంటికి రాలేదు.

ఆమె కోపం అక్కడే చచ్చిపోయింది. పడుకున్నచోటనే, “అన్నయ్య బిగించినవా, నాన్నా?” అంది.

“వాణ్ని అడక్కుండా ఎలా విప్పనే?” అన్నాడాయన.

“నన్ను అడగొచ్చుగా” అని గుమ్మంలోంచి వినిపించింది. వాకర్ పట్టుకుని తల్లి నిలబడి ఉంది. “అవి వాడు బిగించినవేనని నాకు మొదటి రోజే తెలుసండీ. దెబ్బ తగిలినప్పుడల్లా ప్రాణం పోయినట్టుండేది. వాడు బిగించినదాన్లోంచే వస్తోంది కదా అని ఓర్చుకున్నాను. మార్చమంటే మీరేమైపోతారోనని నోరు మెదపలేదు.”

మెకానిక్ స్టూలు మీద కూలబడ్డాడు. “నీకు నొప్పిగా ఉందని తెలుసే. తెలిసే అటు చూడలేదు” అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆవిడ మెల్లగా వచ్చి ఆయన తల మీద చెయ్యి వేసింది. “విప్పండి. వాడే ఉంటే నన్ను ఒక్క రోజు చూసి విప్పేసేవాడు.”

పాతవి తీస్తున్నప్పుడు నీలిరంగు పెచ్చులు ఆయన చొక్కా మీద రాలాయి. దులుపుకోలేదు. పొట్టి షాకబ్జర్లు బిగించాక ఆకుపచ్చ రంగు సీసా కూతురికిచ్చి, “నువ్వు గీయమ్మా” అన్నాడు.

శుక్రవారం మళ్లీ ముగ్గురూ బయల్దేరారు. వీధి చివరికి రాగానే తల్లి అలవాటుగా పిడి పట్టుకుని కళ్లు మూసుకుంది. బండి మెత్తగా లేచి, మెత్తగా దిగింది. ఆవిడ కళ్లు తెరిచింది.

“తగల్లేదండీ” అంది. అని, వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆయన బండి పక్కకు ఆపి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. హాయిగా ఉందా అని మాత్రం అడగలేదు.